మూడు గుప్పిళ్ళ ఎరుపు

మా రంగు గాబు కారేది. ఇటుకా సున్నంతో కట్టిన తొట్టి అది. అడుగున వెంట్రుకంత బీట ఉండేది. అందులోంచి ఎర్రనీళ్ళు బొట్టు బొట్టుగా గోడ కిందికి, అక్కణ్ణుంచి పక్క కాలవలోకి దిగేవి. ఏలూరులో మా వీధి బాతులన్నీ కాళ్ళకి పారాణి పెట్టుకున్న పెళ్ళికూతుళ్ళలా తిరిగేవి. కాలవ దిగువన చాకలి రేవులో ఒక ప్లీడరు గారి తెల్ల పంచె గులాబీరంగుకి తిరిగితే, ఆయన గుమాస్తాని పంపి మరీ చీవాట్లు పెట్టించారు. "రంగు కూలి అడగం లెండి, ఊరికే వేశాం" అన్నాను నేను ఆ గుమాస్తాతో. అలాంటి మాటలు నాకు తడుముకోకుండా వచ్చేవి.

నేను మిషను స్కూల్లో థర్డు ఫారం దాకా చదివాను. ఆ పైన చదవకపోవడానికి బీదరికం కారణమని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గాని, నిజం అది కాదు. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అదే కళ్ళజోడు కోసం బల్లంతా వెతుక్కునే తీరు ఒకరోజు క్లాసులో ఆడి చూపిస్తున్నాను. పకపకా నవ్వుతున్న పిల్లలు ఉన్నట్టుండి ఆగిపోయారు. ఆట చప్పబడిందేమో అనుకుని నేను ఇంకా రెట్టించి ఆడాను. నా వెనకాలే ఆయన నుంచుని ఉన్నారు. మా నాన్న మర్నాడే నన్ను తీసుకెళ్ళి తివాసీల షెడ్డులో పెట్టారు. ఇప్పుడు చెప్పబోయేది జరిగేనాటికి, అంటే ముప్ఫైల నడిమి రోజులకి, నాకు ఇరవై దాటాయి. మీసం వచ్చింది. బుద్ధి రావడానికి ఇంకా టైముంది.

షెడ్డులో నా పని రంగుల మేస్త్రి గారి దగ్గర. ఉన్ని నూలు కట్టలు, అదే చిలపలు, తడపడం, పొయ్యి చూడడం, ఆరబెట్టడం. ఆయన వేసే లక్క ఎరుపు కోసమే మా తివాసీలు మద్రాసు దాకా వెళ్ళేవి. డబ్బాల్లో వచ్చే సీమరంగు పొడి అప్పటికే బజారంతా ఉంది. చవక, సులువు. కాని ఆ రంగు వేసిన తివాసీ మీద తడిగుడ్డ పెట్టి రుద్దితే గుడ్డ ఎర్రబడేది. కొనే దొరలు ముందు చేసే పరీక్ష అదే. మేస్త్రి గారి ఎరుపు మీద ఎంతసేపు రుద్దినా గుడ్డ తెల్లగానే ఉండేది. తివాసీ మటుకు పిల్లి వీపంత మెత్తగా ఉండేది.

ఆయనకి కళ్ళు పోతున్నాయి. శుక్లాలు. ఆ సంగతి షెడ్డులో నాకొక్కడికే తెలుసు. "ఎండ మరీ ఎక్కువగా ఉందిరా" అంటూ నా భుజం మీద చెయ్యేసుకుని నడిచేవారు. మబ్బు పట్టిన రోజున కూడా అదే మాట. చిలప రంగు పట్టిందీ లేందీ వేళ్ళతో తడిమీ, వాసన చూసీ చెప్పేవారు. ఆయన భార్య పోయి పదేళ్ళు. పిల్లల్లేరు. కొల్లేట్లో ఒక చెల్లెలుంది. ఆ ఎరుపు ఎలా వస్తుందో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు కాబట్టే షావుకారు గారు ఆయన్ని నెత్తిన పెట్టుకుని చూసుకునేవారు. ఆ ఎరుపు ఇంకొకరికి తెలిసిన మర్నాడు, కళ్ళు కనపడని రంగుల మేస్త్రితో షావుకారు గారికి పనేముంటుంది? ఈ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

పటిక నీళ్ళలో ఉన్ని నానబెట్టడం దాకా అందరూ చూసేదే. లక్క రంగు కాచి గాబులోకి వంపడమూ చూసేదే. గుట్టంతా ఆఖర్న ఉంది. గాబు చల్లబడుతుండగా ఆయన అందర్నీ బయటికి పంపేసి, రొంటిని దోపుకున్న మూటలోంచి ఒక గుప్పెడు చెక్కపొడి తీసి అందులో చల్లేవారు. అది లొద్దుగ చెక్క. మందు దినుసుల కొట్టులో దొరికేదే. ఆడవాళ్ళ నలతలకి ఇళ్ళల్లో కషాయం కాచేదే. రంగులో దానికేం పని అని ఎవరికీ తోచదు. కొట్టాయనకి అనుమానం రాకుండా మేస్త్రి గారు నెలనెలా వెళ్ళి, "ఇంట్లో ఆడవాళ్ళకి ఒంట్లో బాగుండడం లేదండీ, అదివ్వండి" అనేవారు. పోయిన ఇల్లాలికి పదేళ్ళుగా మందు కొంటూనే ఉన్నారన్నమాట. కొట్టాయన కొత్తవాడు. "పాపం, ఇంకా నయం కాలేదా అండీ?" అని మనస్ఫూర్తిగా అడిగేవాడు. మేస్త్రి గారు "ఏదో, అలాగే ఉందండీ" అని తల దించుకునేవారు.

కళ్ళు మసకబారాక చెక్కకి పురుగు పట్టిందేమో చూసిపెట్టే మనిషి కావలసొచ్చి, ఆ గుట్టు నాకు చెప్పారు. గాబు అంచు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు.

"ఎవరు అడిగినా సరే, దాని పేరు నీ నోట రాకూడదు. ఏరా?"

"రాదండి."

"నీ నోటి సంగతి తెలిసే అడుగుతున్నాను."

"ఆయ్, రాదండి మేస్త్రి గారూ."

ఆయన బెంగ నా నోటి మీద కన్నా ఆ గాబు మీదే ఎక్కువగా ఉండేది. కాలవలో పోయే నీళ్ళు చూసి, వాసన పట్టి, తెలిసినవాడు ఇట్టే కనిపెడతాడనేవారు. అడుగున మిగిలిన పిప్పిని కూడా కాలవలో పోయనిచ్చేవారు కాదు. ఇంటికి మోసుకెళ్ళి పెంటపోగులో పాతిపెట్టేవారు. బీట పూడ్చడం నా పని. సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి, కొబ్బరిపీచు దట్టించి మెత్తేవాణ్ణి. నాలుగు రోజులు ఆగేది. అయిదో రోజు బాతులు మళ్ళీ పారాణి పెట్టుకునేవి. "మళ్ళీ కారుతోందేరా" అని ఆయన గోడ కింద చెయ్యి పెట్టి తడి చూసుకుంటూ కూర్చునేవారు. ఆయన అలా వంగి గోడ తడుముకుంటుంటే నాకు నవ్వొచ్చేది. అదీ నేర్చుకున్నాను, ఆడడానికి.

అప్పటికి మేస్త్రి గారి వేషం నాకు కొట్టినపిండి. మధ్యాహ్నం అన్నాల వేళ నేతగాళ్ళు, "ఒకసారి కట్టవయ్యా" అనేవారు. నేను నడుం వంచి, ఒక కన్ను మూసి, రొంటిలోంచి లేని మూట తీసి, అటూ ఇటూ దొంగచూపులు చూసి ఒక గుప్పెడు చల్లేవాణ్ణి. అంతటితో ఆగితే నవ్వేం వస్తుంది? గాబులోకి తొంగి చూసి, పెదవి విరిచి రెండో గుప్పెడు. ఆ తర్వాత వెళ్ళబోయి, గుమ్మం దగ్గర తిరిగొచ్చి, "పోనీలే, ఆవిడకి కూడా" అని పోయిన ఇల్లాలి పేర మూడో గుప్పెడు. ఆ మూడోదానికి మగ్గాలు కదిలేటట్టు నవ్వేవారు. ఆ గుప్పిట్లో ఏముందో వాళ్ళకి తెలియదు. విభూదో, మంత్రించిన అక్షింతలో అనుకునేవారు.

ఒకరోజు ఆయన గుమ్మంలో నుంచుని అంతా విన్నారు. నాకు హెడ్మాస్టరు గారు గుర్తొచ్చారు. ఆయన కోప్పడలేదు. తర్వాత పొయ్యి దగ్గర మెల్లిగా, "నా వేషం మూడు గుప్పిళ్ళు పోస్తుందటగా?" అన్నారు.

"నవ్వడానికండీ."

"నవ్వడానికైనా సరే, మూడు పొయ్యకు. ఒకటి పోస్తే రంగు పట్టు వదలదు. మూడు పోస్తే ఉన్ని అట్ట కట్టేస్తుంది, గరుకు. ఆ వేషం నాది కదరా, నాకు సిగ్గేస్తుంది."

నేను సరేనన్నాను. మూడోది మాత్రం మానలేదు.

లక్క కోసం నెలకోసారి తాడేపల్లిగూడెం వెళ్ళేవాణ్ణి. అడవి సరుకులు అక్కడి బజారుకి దిగేవి. ఆ రోజు లక్క బస్తా స్టేషన్లో దింపి చూస్తే, వాన వల్ల పాసింజరు రెండు గంటలు లేటన్నారు. ఎదురుగా కాఫీ హోటలు. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరో ఏలూరు తివాసీల మాట ఎత్తారు. "మా మేస్త్రి గారి సంగతి తెలుసా మీకు?" అన్నాను. ఇక చెప్పేదేముంది. బల్లలు జరిపి చోటిచ్చారు.

ఆ రోజు ఆడినంత బాగా నేనెప్పుడూ ఆడలేదు. వాన పడుతోంది, జనం ఎటూ పోలేరు, నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మందుల కొట్టు కూడా ఆడేశాను. "ఇంట్లో ఆడవాళ్ళకి ఒంట్లో బాగుండడం లేదండీ, అదివ్వండి", "పాపం, ఇంకా నయం కాలేదా అండీ?" ఆ తర్వాత గాబు, రొంటి, గుప్పెడు, రెండో గుప్పెడు. "పోనీలే, ఆవిడకి కూడా!" ఒకాయన నవ్వు ఆపుకోలేక కాఫీ పొలమారించుకున్నాడు. చెక్క పేరు మాత్రం నేను చెప్పలేదు. నా ఒట్టు నాకు గుర్తుంది. పేరు నా నోట రాలేదు కదా అని ఆ నవ్వుల మధ్య కూడా ఒకసారి తృప్తిపడ్డాను.

మూల బల్ల దగ్గర గొడుగు ఆనించుకుని కూర్చున్న పెద్దమనిషి నాకు పెసరట్టు తెప్పించాడు. ఎండురొయ్యల వ్యాపారమన్నాడు. చాలా మర్యాదస్తుడు.

"భలే ఆడారండీ! ఆ గుప్పెడు చల్లేది పొయ్యి మీద ఉండగానాండీ, దింపాకానా?"

"దింపాకేనండీ. చల్లారుతుండగా. పొయ్యి మీద ఆడితే చెయ్యి కాలదూ?" అన్నాను. మళ్ళీ నవ్వారు. నవ్వారు కదా అని నేను పొంగిపోయాను. ఆడవాళ్ళ నలతకి కాచే చెక్క ఏమిటో పెళ్ళాం ఉన్న మగాడెవడికైనా తెలుస్తుందన్న ఆలోచన నాకు రైలెక్కాక కూడా రాలేదు. నాకింకా పెళ్ళి కాలేదు.

నాలుగైదు నెలల తర్వాత ఒకరోజు పొద్దున్న షావుకారు గారు మా ఇద్దర్నీ ఆఫీసు గదిలోకి పిలిపించారు. బల్ల మీద ఒక చిన్న తివాసీ పరిచి ఉంది. ఎర్రటిది. "తాడేపల్లిగూడెంలో ఎవరో కొత్తగా మగ్గాలు దింపారు. మద్రాసు ఏజెంటు తెచ్చి చూపించాడు. చూడండి మేస్త్రి గారూ" అన్నారు. గూడెం అన్న మాట వినగానే నాకు పెసరట్టు గుర్తొచ్చింది.

మేస్త్రి గారు తడిగుడ్డ పెట్టి రుద్ది, గుడ్డ నా వైపు పట్టారు. "అంటిందిరా?"

"లేదండి."

ఆయన తివాసీ మీద అరచెయ్యి పెట్టి మెల్లిగా లాగారు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. వేళ్ళతో ఒక పోగు పట్టుకుని నలిపారు. నేను నుంచున్న చోట నుంచే ఆ గరగర వినిపించింది. ఆయన తల తిప్పి నా వైపు చూశారు. ఆయనకి నేను కనపడనని తెలిసి కూడా తల దించుకున్నాను.

"ఎలా పొక్కిందంటారు?" అన్నారు షావుకారు గారు. "మీకు తప్ప తెలియదన్నారే?"

నేను చెప్పవలసింది అప్పుడు. నాలుగంటే నాలుగు మాటలు చాలు. ఊళ్ళో ఎవరేమన్నా క్షణంలో జవాబిచ్చే నాకు ఆ నాలుగూ దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే. దొరికాయి. పని పోతుందని మింగేశాను.

"గాబు కారుతోందండీ, చాలా రోజులుగా" అన్నారు మేస్త్రి గారు. "కాలవలో నీళ్ళు చూసి పట్టేసి ఉంటారు. గాబు చూసుకోవలసింది నేనేగా. తప్పు నాదేనండీ."

షావుకారు గారు కేకలెయ్యలేదు. మర్యాదస్తులు. "పెద్దవారైపోయారు కదండీ, ఎండలో శ్రమ ఎందుకు మీకు" అన్నారు. గూడెం నుంచి రంగేసిన ఉన్నే తెప్పించుకోవచ్చని ఆ మరుసటి వారం తేలింది. కాస్త గరుకైనా మగ్గం మీద సాగుతుందన్నారు. మా పొయ్యి ఆరిపోయింది. నన్ను ఉన్ని ఏరే పనిలో వేశారు. మేస్త్రి గారు కొల్లేటికి, చెల్లెలి ఊరికి వెళ్ళిపోయారు. ఆ రోజు బండి దాకా నా భుజం మీద చెయ్యేసుకునే నడిచారు. ఎండ మాట ఎత్తలేదు.

వానాకాలం వెళ్ళాక ఒక ఆదివారం మిషను గుడి మానేసి బయల్దేరాను. కొంత దూరం బండి, తర్వాత దోనె. నీళ్ళ మధ్య దిబ్బ మీద ఇరవై ఇళ్ళున్న లంక అది. చెల్లెలి గుడిసె వెనకాల పొయ్యి మీద పెద్ద కాగు, అందులో తుమ్మచెక్క కషాయం. వలలు నీళ్ళలో చివికిపోకుండా అందులో ముంచి తీస్తారు. ముంచుతున్నది మేస్త్రి గారు. ఆయన చేతులు మోచేతుల దాకా గోధుమరంగు.

"ఎవరూ?"

"నేనేనండి, మేస్త్రి గారూ."

"నువ్వా! ఏరా, నా వేషం కడుతున్నావా, మానేశావా?"

"మానేశానండి."

"అయ్యో, ఎందుకూ? నేను లేకపోయినా నా వేషమైనా షెడ్డులో ఉంటుందనుకున్నానే."

ఆ మాటకి నేను ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. వాన, హోటలు, గొడుగు మనిషి. ఆయన వల పిండి దడి మీద ఆరేస్తూ విన్నారు.

"తెలుసు" అన్నారు.

"ఎప్పుడండీ?"

"తడిమినప్పుడే. మూడు గుప్పిళ్ళు పోసే వెర్రివాడు లోకంలో ఎవడున్నాడురా? నీ వేషంలో నేనొక్కణ్ణే."

"మరి షావుకారు గారితో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఇద్దరం పోయేవాళ్ళం. నా కళ్ళకి ఇంకో ఏడాదో, రెండేళ్ళో. నువ్వు కుర్రాడివి." ఇంకో వల అందుకుని, "కోపం లేదనుకోకు. వచ్చిన కొత్తలో నీ గొంతు కలలో వినిపించినా కొట్టాలనిపించేది" అన్నారు.

చెల్లెలు లోపల్నుంచి, "ఇప్పుడైనా రెండు తగిలించన్నయ్యా, దగ్గరే ఉన్నాడుగా!" అంది. ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

వెళ్ళేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక పని చెయ్యి. గూడెం వెళ్ళి వాళ్ళకి చెప్పు. ఒక్క గుప్పెడే అని. మూడు వద్దని. మంచి ఉన్నిరా అది, చింతలపూడి వైపు గొర్రెల ఉన్ని. ఊరికే పాడు చేస్తున్నారు."

"మీ గుట్టు మిగిలింది కూడా నన్నే చెప్పమంటారాండీ?"

"ఇంకా గుట్టేమిటి? ఎవరో ఒకరు సరిగ్గా వెయ్యాలిగా."

గూడెం వెళ్ళాను. గొడుగు పెద్దమనిషే ఆ షెడ్డులో భాగస్వామి. నన్ను చూడగానే మొహం చాటంత చేసుకుని, "రండ్రా, రండ్రా, ఏలూరాయన వచ్చారు! భలే ఆడతారు!" అని పనివాళ్ళని కేకేశాడు. అందరూ చుట్టూ చేరారు. నేను చేతులు కట్టుకుని, "ఒక్క గుప్పెడేనండీ పొయ్యాల్సింది. మూడు కాదు. మిగతా రెండూ నేను నవ్వించడానికి కలిపాను" అన్నాను. ఘొల్లుమన్నారు. "వేళాకోళం కాదండీ, మా మేస్త్రి గారు చెప్పమన్నారు" అంటే ఇంకా నవ్వారు. చివరికి ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ నన్ను పక్కకి తీసుకెళ్ళి, "మా రంగు చెడగొట్టి రమ్మని మీ షావుకారు పంపాడాండీ?" అని మెల్లిగా అడిగాడు. బయటికొస్తూ దండెం మీద ఆరుతున్న చిలప తడిమాను. గరుకు.

కొల్లేటికి మళ్ళీ వెళ్ళాను. ఆయన నా అడుగుల చప్పుడుకే లేచి నుంచున్నారు.

"చెప్పావా?"

"చెప్పానండి."

"విన్నారా?"

"విన్నారండి. మీకు దణ్ణం పెట్టామని చెప్పమన్నారు."

ఆయన మొహం వెలిగింది. "ఒక పోగు తేవాల్సిందిరా. తడిమి చూసుకునేవాణ్ణి."

"ఈసారి తెస్తానండి."

ఆ పోగు కోసం మా పెరట్లో నేనే పొయ్యి పెట్టాను. లక్క, పటిక, ఆఖర్న ఒక్క గుప్పెడు. రెండుసార్లు వేశాను. రెండుసార్లూ పిల్లి వీపంత మెత్తగా వచ్చింది గాని రంగు మాత్రం ఇటికరాయి రంగు తేలింది. ఎరుపు రాలేదు. ఆయనకి రంగు కనపడదు. చేతిలో పెట్టి, "గూడెం వాళ్ళదేనండి" అంటే తడిమి సంతోషించేవారు. అది కాగితంలో చుట్టుకుని దోనె రేవు దాకా వెళ్ళాను. దోనె అతను ఎక్కండి, ఎక్కండి అంటున్నాడు. ఆయన్ని ఇంకొక్కసారి మోసం చెయ్యడానికి కాలు రాలేదు. తిరిగొచ్చేశాను. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు, ఏ మొహంతో వెళ్ళను?

ఇప్పుడనిపిస్తుంది, ఇచ్చేసి ఉండవలసిందని. ఆయన అడిగింది మెత్తటి పోగు. అది నా దగ్గరుంది.